పిడికిటి లెక్క

 

మా అవ్వ పొయ్యి పక్కన రెండు కుండలుండేవి. పెద్దదాంట్లో ఇంటి గింజలు, చిన్నదాంట్లో దేవుని గింజలు. పూటపూటా ఎసట్లో పోయబోయే ముందు చేటలోంచి ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసేది. పిడికెడు బియ్యం అని దానికి పేరు. పేరుకే బియ్యం. కలసపాడు, పోరుమామిళ్ల వైపు మెట్ట పల్లెల్లో ఆ రోజుల్లో వరిబువ్వ పండగనాడే. అవ్వ వేసేది జొన్నలు, కొర్రలు, ఒక్కోసారి సజ్జలు. శనివారం రాత్రికి ఆ కుండ సగం కూడా నిండేది కాదు. ఆదివారం పొద్దున వాటినే కొంగున కట్టుకుని గుడికి పోయి, బల్ల ముందరి గంపలో పోసి వచ్చేది. ఇంట్లో సంగటి చాలని పూట కూడా ఆ పిడికెడు ఆగినట్టు నేను చూడలేదు. ఒకసారి ఆకలికి తాళలేక, "అవ్వా, ఈ పూటకి వద్దులే" అన్నాను. "అది మనది కాదు నాయనా. మనది పెద్ద కుండ" అనింది.

ఆ గంప పక్కన కూర్చుని లెక్క రాసుకున్న మనిషి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం. ఆయన పేరు మీకు ఆహ్వానపత్రంలో కనపడదు. తన పేరున రాయి పాతొద్దని, ఫలకం పెట్టొద్దని పోయేముందు పిల్లలకు చెప్పిపోయాడు. పిల్లలు ఆ మాట నిలబెట్టారు. నేనూ నిలబెడతాను. మేమంతా ఆయన్ను 'అయ్యవారూ' అని పిలిచేవాళ్లం. పగలు పిల్లలకు పలకల బడి, దీపాలు పెట్టినాక కూలి నుంచి వచ్చిన పెద్దలకు ఇంకో బడి, ఆదివారం ఆరాధన. మన జిల్లాల్లో ఇలాంటి పల్లె బోధకులు వందలమంది ఉండేవాళ్లు. మిషనరీ దొరల పేర్లు ఆసుపత్రుల మీద, హైస్కూళ్ల మీద ఉన్నాయి. జమ్మలమడుగులో 1890ల్లో పని మొదలుపెట్టిన డాక్టర్ క్యాంబెల్ పేరు పెన్న ఒడ్డున ఇప్పటికీ పలుకుతుంది. కర్నూలులో కోల్స్ హైస్కూలు పేరు తెలియని పాత విద్యార్థి లేడు. ఆ పేర్లు ఉండాల్సినవే. కానీ ఊరూరా నడిచిన మనిషి, బంగళాలో కాక పేటలోనే గుడిసె వేసుకున్న మనిషి, మాలమాదిగ పిల్లోడి వేలు పట్టి ఇసకలో 'అ' దిద్దించిన మనిషి పేరు ఏ గోడ మీదా లేదు.

ఈ కాలంలో సువార్తను చెప్పడం, దాన్ని బతకడం అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నా దగ్గర సిద్ధాంతం లేదు. ఆ చిన్న కుండ ఉంది. దాని దగ్గర మొదలుపెడతాను.

మా పేట మీద ఊళ్లో ఒక మాట ఉండేది: "కూటికోసం కలిసినోళ్లు". మతంలో 'కలవడం' అనేది మన సీమ మాట. ఎవరైనా బాప్తిస్మం తీసుకుంటే 'కలిసినాడు' అంటారు. ఎంత మంచి మాట! దాని ముందర 'కూటికోసం' అని తగిలిస్తే అదే మాట బడితె అవుతుంది. నా చిన్నప్పుడు పాలపొడి కోసం కలిసినోళ్లనేవాళ్లు. మా తాతల నాడు గంజి కోసం అనేవాళ్లు. ఈ నింద వినివిని మాలో కొందరు సిగ్గుపడి తల దించుకున్నారు, కొందరు కోపంతో ఎదురు తిట్టారు. దీనికి జవాబు చెప్పాలంటే ధాత కరువు దాకా పోవాలి.

ధాత నామ సంవత్సరం, 1876. వానలు పోయాయి. మరుసటేడూ అంతే. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎండి బీటలువారాయి. సర్కారు తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ దొర వచ్చి సహాయపు పనుల్లో కూలి తగ్గించాడు. రోజంతా మట్టి మోసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో లోపు, దాంతోపాటు ఒక అణా. 1871లో తొమ్మిది లక్షలు దాటి ఉన్న కర్నూలు జిల్లా జనం 1881 లెక్కలకు ఏడు లక్షల లోపుకు పడిపోయారు. నాలుగిళ్లకు ఒక ఇల్లు మాయమైనట్టు లెక్క. పోయినవాళ్లలో ముందు పోయింది భూమి లేనివాళ్లు, గింజ నిలవ చేసుకునే చోటు లేనివాళ్లు.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పుడు బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన వేలమందికి అక్కడ పని, కూలి దొరికాయి. ఆ కాలవ గట్టు మీదే చాలామంది మొదటిసారి క్రీస్తు కథ విన్నారు, బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ, పదిహేను నెలల పాటు, ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక, ఇంక ఇచ్చేందుకు చేతిలో ఏమీ లేదని చెప్పినాక కూడా వాళ్లు తిరిగొచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ ఉద్యమం కంభం, మార్కాపురం వైపు పాకింది. ఆ తాలూకాలు అప్పుడు మన కర్నూలు జిల్లాలోవే, 1970లో ప్రకాశం జిల్లా పుట్టినప్పుడు అటు పోయాయి.

ఆ 2,222 అంకెను మనవాళ్లు ప్రసంగాల్లో గర్వంగా చెప్తారు. నాకు ఆ అంకె కన్నా ఆ పదిహేను నెలలు పెద్దవి. ఆకలిగొన్నవాడికి పని ఇచ్చి, అతను దండం పెట్టి అడిగినా పేరు రాసుకోకుండా ఆగడం సామాన్యం కాదు. మన కూటాల్లో చేతులెత్తినవాళ్లను ఆ క్షణమే లెక్కపెట్టి, ఆ అంకెను ఆ రాత్రే ఫోనులో పంపేవాళ్లు ఆ పదిహేను నెలల్ని ఒకసారి తలుచుకోవాలి.

అయినా క్లౌ జాగ్రత్త దొర పక్కనుంచి వచ్చిన జవాబే. పేట పక్కనుంచి జవాబు మా అవ్వ కుండలో ఉంది. దాన్ని అలవాటు చేసినవాళ్లలో పెద్ద పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళుడు, తిరునెల్వేలి సీమలో పల్లె పాదిరి కొడుకు. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు ఆ పీఠం ఎక్కడం అదే మొదలు. తర్వాత కొన్నేళ్లకు నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతాల్లోని ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ సంఘాలు కూడా ఆయన అధ్యక్ష మండలం కిందికి వచ్చాయి. ఆయన పట్టుబట్టిన సంగతి ఒకటే: ఎంత పేదవాడైనా ఇచ్చేవాడు కావాలి. డబ్బు లేకపోతే గింజ, గింజ లేకపోతే కోడిగుడ్డు, అదీ లేకపోతే గుడి కట్టేటప్పుడు ఒక రోజు కూలి. వంట చేసే ఆడమనిషి పూటకో పిడికెడు తీసిపెట్టడం అక్కడ ఊరూరా వాడుకైంది. ఇట్లాంటిదే మిజోరాం కొండల్లో 1910 నుంచి సాగుతోంది. అక్కడి సంఘాలు ఇప్పటికీ ఆ గింజలతోనే బోధకుల్ని పంపుతున్నాయి.

వందల ఏళ్లుగా తీసుకునే చెయ్యి అని ముద్ర పడిన మనిషికి ఈ పిడికెడు ఏం చేసిందో తెలుసుకోవాలంటే ఆ మనిషి కడుపున పుట్టి ఉండాలి. కళ్లంలో మిగిలిన గింజ ఊడ్చుకొమ్మంటే ఊడ్చుకుని, దూరంగా నిలబడి దోసిలి పట్టిన చెయ్యి అది. ఆదివారం నాడు అదే చెయ్యి మూట విప్పి గంపలో పోస్తుంది. పాపం మాట, రక్షణ మాట ప్రసంగంలో తర్వాత వినపడతాయి. నేనూ ఇవ్వగలను అనే సంగతి మా అవ్వకు చేతి నుంచే తెలిసింది. కూటికోసం కలిసినారన్న మాటకు ఆమె ఎప్పుడూ నోరు తెరిచి జవాబియ్యలేదు. జవాబు శనివారం దాకా కుండలో చేరేది.

ఆ జవాబును ఊరు చదివింది కూడా. 1930ల్లో దోర్నకల్ అధ్యక్ష మండలం పల్లెల్లో కాపులు, ఇతర శూద్ర కులాల వాళ్లు వేల సంఖ్యలో సంఘంలోకి వచ్చారు. అమెరికన్ మెథడిస్టు వాస్కమ్ పికెట్ 1933లో అచ్చువేసిన అధ్యయనంలోనూ, ఆ తర్వాతి రచనల్లోనూ ఇలాంటి ఉద్యమాలను ఊరూరా తిరిగి పరిశీలించాడు. ఎందుకు వచ్చారని అడిగితే వాళ్లలో చాలామంది దొర ప్రసంగం మాట ఎత్తలేదు. మాలమాదిగ పేటలో మారిన బతుకును చూపించారు. తాగుడు తగ్గింది, పేట శుభ్రపడింది, పిల్లలు చదువుతున్నారు, మాట మీద నిలబడుతున్నారు అన్నారు. తన చేలో కూలికొచ్చే మనిషిని చూసి ఆసామి ఆలోచనలో పడ్డాడు. మన సీమ చరిత్రలో ఇంతకన్నా తలకిందులైన ఘటన నాకు కనపడదు.

గాంధీగారు సువార్త ప్రచారం విషయంలో అజరయ్యతో గట్టిగా విభేదించారు. గులాబీ తన వాసన గురించి ప్రసంగించదు, నమ్మకం కూడా అట్లా మౌనంగా పరిమళించాలని ఆయన వాదన. ఆ మాటలో నాకు సగం కావాలి. నోటి కన్నా ముందు బతుకు వాసన రావాలన్న సగం. రెండో సగం నాకు ఒప్పుదల కాదు. గులాబీని ఎవరూ ఆపి, "నువ్వు ఎందుకిట్లా మారినావు?" అని అడగరు. మా తాతను అడిగారు. సారాయి అంగడి దారి మానేసిన మాలోణ్ని ఊరు నిలేసి అడిగింది. అడిగినప్పుడు చెప్పకపోవడం కూడా అబద్ధమే. మీలోని నిరీక్షణకు కారణం అడిగినవాళ్లకు మెత్తగా, గౌరవంగా జవాబు చెప్పండని పేతురు రాసిందీ ఇదే. ఆ వాక్యంలో అడగడం ముందుంది. మనం దాన్ని దాటేసి జవాబులు మాత్రం పెద్ద గొంతుతో చెప్తున్నాం.

నాకు ఈ సంగతి ఎట్లా తెలిసిందో చెప్తాను. నంద్యాలలో చదువుకునే రోజులు. నేనూ ఇంకో నలుగురు కుర్రవాళ్లం కలిసి ఒక తిరునాళకు కరపత్రాలు పంచడానికి పోయాం. చింతచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయనకు ఒకటి ఇచ్చాను. పొలం పనిలో కాళ్లు పగిలిన మనిషి. కరపత్రం తీసుకుని, చదివించుకుని విన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచి మాటలే ఉండాయి నాయనా. నాకొకటి చెప్పు. మా ఊళ్లో మీ గుళ్లు రెండుండాయి. ఒకదాంట్లో వాళ్లు రెండోదాంట్లోకి పోరు. బాయి కాడ గూడా కలవరు. మీ దేవుడు ఒగడేనంటివే, ఆయప్ప ఏ గుళ్లో ఉంటాడు?"

ఆ మనిషి ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చేదాకా మా ఐదుగురిలో ఒక్కరమూ మాట్లాడలేదు.

మన జిల్లాల్లో ఎస్.పి.జి., లండన్ మిషన్ సంఘాల్లో ఎక్కువగా మాలవాళ్లు చేరారు. బాప్టిస్టు సంఘాల్లో ఎక్కువగా మాదిగవాళ్లు చేరారు. ఒక పేట ఒక మిషన్లో కలిస్తే రెండో పేట ఇంకో మిషన్ వెతుక్కున్న ఊళ్లున్నాయి. ఊరి కులాన్ని వదిలి వస్తున్నామనుకుని దాన్ని గుడి వాకిట్లోకి తెచ్చి పాతుకున్నాం. మా ఇంట్లోనే జరిగింది చెప్తాను. మా బంధువుల అబ్బాయి, చదువుకున్నవాడు, పక్కపేట పిల్లను ఇష్టపడ్డాడు. ఇద్దరూ బాప్తిస్మం పొందినవాళ్లే, ఇద్దరూ ఆదివారం పాటలు పాడేవాళ్లే. పెళ్లి మా గుడిలో జరగనివ్వలేదు. అడ్డుపడినవాళ్లలో నాకు బైబిలు నేర్పిన పెద్దలున్నారు. నేను ఆ రోజు నోరు మెదపలేదు. ఆ అబ్బాయి తర్వాత ఏ గుడికీ పోలేదు. అతనికి సువార్త అందలేదని ఎవరైనా అంటే నాకు నవ్వు రాదు, ఏడుపు వస్తుంది. అందింది. మా చేతుల మీదుగానే అందింది, మా చేతులతోనే వెనక్కి లాక్కున్నాం.

నంద్యాలకు ఇంకో గాయం ఉంది. ఈ సభలో పెద్దలకు తెలుసు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లు విడివిడి జెండాలు దించి ఒక కప్పు కిందికి వచ్చారు. ప్రపంచమంతా మన దక్షిణాది వైపు చూసిన రోజు అది. కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ సంఘాలు అందులో కలిశాయి. కొద్దికాలానికే రాయలసీమ అధ్యక్ష మండలంగా ఏర్పడి, హోస్పేట్ సుమిత్ర బిషపు గారి కాలంలో నిలదొక్కుకున్నాయి. నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. సంఘాల్లో మాత్రం వేలమంది బయటే ఉండిపోయారు. 1963లో విడిగా అధ్యక్ష మండలం అయ్యారు. 1975లో గానీ దక్షిణ ఇండియా సంఘంలో కలవలేదు. ఇరవై ఎనిమిదేళ్లు. మా మేనమామ ఊరు మాకు నాలుగు మైళ్లు. ఆయన గుడి ఒక సంఘం, మా గుడి ఇంకో సంఘం. ఆయన పొలంలో వేరుశనక్కాయలు పీకి పెడితే తిన్నాను గానీ, ఆయన గుడిలో ప్రభు బల్ల దగ్గరికి పోవచ్చో పోకూడదో నాకు తెలియకుండానే పెరిగాను. అప్పటి వాదాల్లో బిషపుల పారంపర్యం ఉంది, విదేశాల నుంచి వచ్చే డబ్బు ఉంది, పాత నేస్తాల మీద మమకారం ఉంది. ఎవరి మనసులో ఏది ఎంతో తూచే తక్కెడ నా దగ్గర లేదు. చింతచెట్టు కింద పెద్దాయన అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ ఇరవై ఎనిమిదేళ్లూ మా దగ్గర జవాబు లేదు.

ఆ ఐక్య సంఘపు మొదటి బిషపుల్లో ఒకరైన లెస్లీ న్యూబిగిన్ ఇంగ్లండుకు తిరిగిపోయాక, నమ్మకం వాడిపోయిన ఆ దేశంలో సువార్తను ఎట్లా చెప్పాలని ముసలితనంలో చాలా ఆలోచించాడు. 1989లో ఒక పుస్తకం రాశాడు. సువార్తకు అర్థం చెప్పే భాష్యం ఏదైనా ఉందంటే అది దాన్ని నమ్మి బతికే సంఘమే అని ఆయన తేల్చాడు. ఇంత దూరం పోయి పుస్తకం చదివి నేను నేర్చుకున్నది, అక్షరం రాని మనిషి తిరునాళలో ముందే అడిగాడు.

భాష గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. మన నమ్మకం తెలుగులోకి రావడానికి పెద్ద సాధన జరిగింది. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను 'వేదాంత రసాయనం' అనే కావ్యంగా పద్యాల్లో చెప్పాడు. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డే గ్రాంజెస్ అనే మిషనరీలు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. కడపకు లండన్ మిషన్ 1822లో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ఇంకో తెల్లమనిషి కడపకు ఉద్యోగిగా వచ్చాడు. ఆయన తండ్రి కలకత్తాలో పేరున్న పాదిరి. కొడుకు మాత్రం కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి, చెదలు పట్టిన తాళపత్రాలు తెప్పించి, వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చువేశాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆ బంగళా ఉన్న చోట ఇవాళ ఆయన పేరున గ్రంథాలయం ఉంది. ఎవరైనా కుర్ర పాస్టరు నన్ను ఎక్కడ చదువుకోవాలని అడిగితే ముందు ఆ గ్రంథాలయం మెట్లెక్కమంటాను. జనం వేమనను ఎట్లా పలుకుతారో వినకుండా జనంతో ఏం మాట్లాడతాం? ఇప్పుడు మైకు పట్టగానే మన పిల్లల గొంతు మారిపోతోంది. పులివెందులలో పుట్టిన పిల్లోడు ఏ ఊరిదీ కాని ఒక తెలుగు మాట్లాడతాడు, సగం పాత అనువాదం, సగం టీవీ. వాళ్లమ్మ అతన్ని భోజనానికి పిలిచే తెలుగులో దేవుడి మాట చెప్పలేడా?

మైకు మాట వచ్చింది కాబట్టి ఈ కాలం సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి పెట్టే పాటల వల్ల ఒక్క ఆత్మ అయినా రక్షణ పొందిందో లేదో నాకు తెలియదు. పరీక్షకు చదివే పక్కింటి పిల్ల, ఆయాసంతో నిద్రపట్టని ముసలాయన తిట్టుకున్నది మాత్రం విన్నాను. గుడి నుంచైనా, మసీదు నుంచైనా, కోవెల నుంచైనా ఆ తిట్టు ఒకటే. మనది మనం తగ్గించుకోవాలి, వాళ్లను చూపించి తప్పించుకోకూడదు. ఇంకో నమ్మకాన్ని, పక్కింటివాడు పూజించే రూపాన్ని హేళన చేసి వీడియో పెట్టేవాళ్లూ మనలో పుట్టారు. అవమానం అంటే ఏమిటో తరతరాలుగా తెలిసిన జనం ఇంకొకరిని అవమానించి దానికి సువార్త అని పేరు పెట్టడం నేను భరించలేను. రాజ్యాంగం 25వ అధికరణం మన నమ్మకాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. 1948లో రాజ్యాంగ సభలో ఆ ఒక్క మాట మీద గట్టి వాదన జరిగి, నిలబడింది. 1977లో సుప్రీంకోర్టు, ప్రచారం చేసుకునే హక్కు ఉంది గానీ ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదంది. ఆ తీర్పు మీద న్యాయవాదులు వాదించుకోనీ. ఒకరిని మార్చడం నా చేతిలో లేదని నా బైబిలు కూడా చెప్తుంది, కాబట్టి నాకు దానివల్ల తగ్గింది ఏమీ లేదు.

నన్ను కోసేది ఇంకో చట్టం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ని, ముస్లింను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవుడైన దళితుడు బి.సి. 'సి' కింద ఒక్క శాతంలోకి పోతాడు. ఊళ్లో అతన్ని చూసే చూపు మారదు, కాగితం మాత్రం మారుతుంది. అందుకే మన పిల్లలకు రెండు పేర్లు. గుడిలో ఒకటి, బడిలో ఒకటి. ఒక అమ్మాయి బడి పేరుతో ఇంజనీరింగు సీటు వచ్చిన రోజు నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "తాతా, నేను అబద్ధమాడినట్టా?" అని అడిగింది. ఆమెను ఆ కూడలిలో నిలబెట్టింది ఆమె కాదని చెప్పాను. నమ్మకానికి ఖరీదు కట్టి, ఆ ఖరీదును అందరికన్నా పేదవాళ్ల దగ్గరే వసూలు చేయడం అన్యాయం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ అడ్డు తీసెయ్యమంది. 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసింది. ఆ పేరా ఇంకా అక్కడే ఉంది. వేదికల మీద ఆశీర్వాదాల గురించి, కార్ల గురించి గంటలు గంటలు మాట్లాడే మన ప్రసంగికులు ఈ పిల్ల గురించి ఒక్క గంట మాట్లాడరు. నేటి సంస్కృతిలో క్రైస్తవుడిగా బతకడం ఎట్లా అని నన్ను అడిగితే, ఆ పిల్ల పక్కన నిలబడటం దగ్గర మొదలుపెట్టమంటాను.

ఇక చివరగా, సువార్త నోటితో చెప్పడానికే వీల్లేని చోట మనవాళ్లు ఎట్లా ఉన్నారో చెప్తాను. రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు పల్లెల నుంచి కువైట్ పోయిన ఆడవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రతి వీధిలో ఒకరున్నారు. వాళ్లు పరాయి ఇంటి వంటగదిలో, పిల్లల పక్కల దగ్గర, ముసలివాళ్ల మంచాల దగ్గర ఏళ్లు గడుపుతారు. అక్కడ ముస్లింలకు వేరే మతం బోధించడం నేరం. శుక్రవారం సెలవిచ్చే యజమాని దొరికితే కువైట్ నగరంలోని చర్చి ఆవరణకు పోతారు. అక్కడ ఒకే గోడల మధ్య ఎన్నో భాషల వాళ్లు గంటలు పంచుకుని ఆరాధన చేసుకుంటారు, తెలుగువాళ్లకూ ఒక వంతు వస్తుంది. వాళ్లకు శుక్రవారమే ఆదివారం. సెలవు దొరకని వాళ్లకు ఏ వారమూ లేదు.

అట్లా పన్నెండేళ్లు ఉండి వచ్చిన మా ఊరి ఆడబిడ్డ ఒకామెను అయ్యవారు ఒకసారి అడిగారు, నేను పక్కనే ఉన్నాను. "అక్కడ ఎవరికైనా ప్రభువు మాట చెప్పినావా అమ్మా?" ఆమె తల అడ్డంగా ఊపింది. "చెప్పేకి లేదు అయ్యవారూ. ఆ ఇంటి ముసలామెకు ఆర్నెల్లు కింద ఎత్తిపోసినా. ఆయమ్మ పోయేముందు నా చెయ్యి ఇడవలేదు. నువ్వు ఎవుర్ని మొక్కుతావని అడిగింది. ఈసా అని చెప్పినా. ఆయమ్మకు ఆ పేరు తెలుసు. అంతే." అయ్యవారు ఇంకేమీ అడగలేదు. లేచి లోపలికి పోయి ఆమెకు నీళ్లు తెచ్చి ఇచ్చారు.

ఆయన పోయాక పిల్లలు నాకు ఆయన లెక్కల పుస్తకాలు చూపించారు. అట్ట చిరిగిన బడి నోటుబుక్కులు పదిహేడు. ప్రతి పుటలో రెండు వరుసలు: వచ్చింది, పోయింది. వచ్చినవైపు ఇంటింటి పేరు, ఎదురుగా శేరు, పడి, అర పడి. మా అవ్వ పేరు ఏడెనిమిదేళ్ల పాటు తప్పకుండా ఉంది. ఎక్కడా రెండు పడులు దాటలేదు, ఎక్కడా ఖాళీ లేదు. పోయినవైపు పేర్లు చదువుతుంటే నా వేలు ఆగింది. సగం మంది మా గుడి పుస్తకంలో లేనివాళ్లు. బాలింత అయిన చాకలామె ఉంది. కాలు విరిగిన దూదేకుల పెద్దాయన ఉన్నాడు. ఒక ఎండాకాలం మూడు వారాలు వరసగా, నీళ్ల తగాదాలో మా పేట మీదికి కర్రలతో వచ్చిన ఇంటివాళ్ల పేరు ఉంది. దాని పక్కన చిన్న అక్షరాలతో 'పిల్లలు' అని రాసి ఉంది.

ఆఖరి పుస్తకంలో రాత వణికింది. అప్పటికి ఊళ్లో గింజలు తెచ్చేవాళ్లు తక్కువ, చిల్లర వేసేవాళ్లు ఎక్కువ. ఆ పుటల్లో ఒక చోట కువైట్ పోయిన ఆ ఆడబిడ్డ పేరు ఉంది. నెలనెలా డబ్బు పంపేదట. అక్కడ తనకంటూ పొయ్యి లేదు, కుండ లేదు, అందుకని డబ్బు పంపుతున్నానని ఫోనులో చెప్పిందట. అయ్యవారు ఆ రూపాయలు ఎన్నో ఎక్కడా రాయలేదు. ఆమె పేరుకు ఎదురుగా ప్రతి నెలా ఒకటే మాట రాసుకున్నారు: పిడికెడు.